జిల్లా వైద్యాధికారి పదవి సర్వీసు చివరి మజిలీ కారాదు

సంపాదకులకు నమస్కారం.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి మారినప్పుడు కొత్తవారి పేరు పత్రికల్లో వస్తుంది. ఆ కుర్చీలోకి వారు ఏ దారిన వచ్చారు, అక్కడ ఎన్నాళ్లుంటారు అన్న చర్చ మాత్రం జరగదు. పాత వరంగల్ జిల్లా ఏజెన్సీ మండలాల్లో హెల్త్ అసిస్టెంటుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరైన నాకు ఆ రెండు ప్రశ్నలే ముఖ్యమనిపిస్తాయి.

నా పై అధికారుల్లో ఒక మేడంను మరువలేను. కాకతీయ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివి, అడవి ఊళ్ల పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) కొన్నేళ్లు పనిచేసి, ఆ తర్వాత కమ్యూనిటీ మెడిసిన్‌లో (సామాజిక వైద్యంలో) పీజీ చేసి, టీకాల కార్యక్రమం చూసే అధికారిగా మా దగ్గరికి వచ్చారు. ఒకసారి తనిఖీకి వచ్చి, రిజిస్టర్లు అడగకుండా నేరుగా టీకాలుంచే ఐఎల్ఆర్ (లోపలి గోడలకు మంచు పట్టి ఉండే ఫ్రిజ్) మూత ఎత్తారు. డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల టీకా) సీసాలు బుట్టలో కాక అడుగున మంచుకు ఆనుకుని ఉన్నాయి. టెంపరేచర్ పుస్తకంలో మాత్రం రెండు పూటలా 4 డిగ్రీలే రాసి ఉంది. ఆమె ఎవరినీ కోప్పడలేదు. అదే బ్యాచ్ సీసా ఒకటి ఆ రాత్రి డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, మరునాడు పొద్దున కరిగాక, దాన్నీ అనుమానమున్న సీసానూ కలిపి పట్టుకుని బాగా ఊపి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టారు. మేమంతా చుట్టూ నిలబడి చూస్తుండగానే రెండింటిలోనూ తెల్లటి మడ్డి ఒకే తీరుగా అడుక్కు దిగింది, అంటే అనుమానమున్న సీసా కూడా గడ్డకట్టి చెడిందన్నమాట. గడ్డకట్టిన డీపీటీ పనికిరాదని శిక్షణలో ఎన్నోసార్లు విన్నాం గానీ, కళ్లారా చూసింది ఆ రోజే. ఆ సీసాల నుంచి టీకా వేసిన పిల్లల జాబితా తీసి, ఇల్లిల్లూ తిరిగి మళ్లీ వేశాం.

అంతటి అనుభవమున్న ఆమెకు జిల్లా బాధ్యత దక్కింది సర్వీసు ముగియబోయేటప్పుడే. ఏడాది నిండకుండానే పదవీ విరమణ చేశారు. తర్వాత కొన్నాళ్లు ఇన్‌చార్జి పాలన, ఆపై జీవితమంతా ఆసుపత్రి వార్డుల్లో గడిపిన ఒక సీనియర్ వైద్యులు వచ్చారు. వారి నిజాయితీని నేను శంకించను, మంచి డాక్టరు. అయితే నీటి క్లోరినేషన్, మలేరియా సర్వే, టీకాల నిల్వ వంటివి ఆ వయసులో మా దగ్గర నేర్చుకోవలసి రావడం వారికీ ఇబ్బందే, ప్రజలకూ నష్టమే.

ఇది కొత్తగా కనిపెట్టిన లోపం కాదు. వైద్యులకు నివారణ, సామాజిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఉండాలని, దేశ ఆరోగ్య సేవల పరిశీలనకు బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. రాష్ట్రాలు ప్రజారోగ్య నిర్వహణకు వేరే కేడర్ (ప్రత్యేక ఉద్యోగుల శ్రేణి) ఏర్పరచుకోవాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం కోరింది, 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. తమిళనాడులో ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్, 1939 నాటి చట్టం ఉన్నాయి. మనకూ చదువు చెప్పే చోటుకు కొదవ లేదు: 1959 నుంచి నడుస్తున్న కాకతీయ వైద్య కళాశాల, కాళోజీ పేరిట ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం రెండూ వరంగల్‌లోనే ఉన్నాయి. పైగా ఒకప్పటి ఒక్క జిల్లా ఇప్పుడు ఆరు జిల్లాలైంది, అంటే ఆరుగురు తయారైన అధికారులు కావాలి.

అందువల్ల ప్రజారోగ్యంలో అర్హత ఉన్న యువ వైద్యులను ముందే గుర్తించి, పీహెచ్‌సీ నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి జిల్లాకు మెట్టుమెట్టుగా తీసుకురావాలని, జిల్లా అధికారికి కనీసం మూడేళ్లు గడువివ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ముఖ్యంగా ములుగు వంటి జిల్లాలో వానాకాలం నడుమ బదిలీలు చేయవద్దు. జంపన్న వాగు పొంగి దారులు తెగకముందే మలేరియా కిట్లు, పాముకాటు మందు ఏ పీహెచ్‌సీకి చేర్చాలో, నెలలు నిండిన గర్భిణులను ఏ ఊరి నుంచి ముందుగా ఏటూరునాగారం ఆసుపత్రికి తరలించాలో తెలియాలంటే, ఆ అధికారి కనీసం ఒక వానాకాలం అక్కడ గడిపి ఉండాలి.

– విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్, హనుమకొండ