మనకు తెలిసినవాళ్లు ఎవరూ లేరన్నావు

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఫోను ఉండగా ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోనులో నేను మూడో మాటకు వచ్చేసరికి నువ్వు "సరే అమ్మా, అర్థమైంది" అంటావు. కాగితానికి ఆ భయం లేదు.

పోయిన ఆదివారం నీ పేరుతో నాకొక సందేశం వచ్చింది. "నమస్కారం. నా వృత్తి ప్రయాణంలో మీ సహకారం కోరుతున్నాను. నా నెట్‌వర్క్‌లో చేరగలరు" అని, కింద ఒక లింకు. కన్నకొడుకు నన్ను మీరు అనడం అదే మొదటిసారి. కాసేపటికి మీ పెద్దమ్మ ఫోను చేసింది, ఆమెకూ వచ్చిందట. సాయంత్రం మన ప్లంబర్ ఫోను చేసి, "అమ్మా, బాబు ఏదో పంపాడు, మళ్లీ ఏ కుళాయి కారుతోంది?" అని అడిగారు. అప్పుడు అర్థమైంది. ఇంటర్న్‌షిప్‌లు చూపిస్తామన్న యాప్ ఏదో నీ ఫోనులోని నంబర్లన్నీ చదవడానికి అనుమతి అడిగి ఉంటుంది, నువ్వు చూసుకోకుండా సరే అని ఉంటావు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత, సెలవులకు వచ్చినప్పుడు నువ్వన్న మాట గుర్తొచ్చింది. "అందరికీ ఎవరో ఒకరు ఉన్నారమ్మా, మనకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు" అన్నావు. రెండు వందల మంది ముక్కూముఖం తెలియనివాళ్లకు ఒకే సందేశం పంపితే ఒక్కరూ పలకలేదని కూడా చెప్పావు. ఆ రెండు వందల మందికి నువ్వు పంపినదానికీ, యాప్ నాకు పంపినదానికీ తేడా ఏముందో ఒకసారి ఆలోచించు. నాకైతే కనిపించలేదు.

అసలు తెలిసినవాళ్లు లేరన్న మాట మీదే నాకు పేచీ ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ శివారులో ఉద్యోగం మారినవాళ్లను కలిసి, మీకు ఆ ఉద్యోగం ఉందన్న కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. 1973లో అచ్చయిన అతని వ్యాసంలో జవాబులున్నాయి. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో తరచుగా కలిసేవాళ్లమన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం. ఏడాదికోసారో, అది కూడా లేదో అన్నవాళ్లు 27.8 శాతం. లెక్కలోకి వచ్చింది 54 మందే కాబట్టి ఆ దశాంశాలు చూసి మురిసిపోకు. కానీ కారణం మాత్రం గట్టిది. నీ హాస్టల్ గదిలో ఉన్న ముగ్గురికీ తెలిసినదంతా నీకూ తెలిసిందే. కొత్త కబురు తెచ్చేది వేరే గుంపులో తిరిగే మనిషి.

నాకు ఇలాంటివి చదివితే వెంటనే నమ్మబుద్ధి కాదు. ఇరవై ఏళ్లకు పైగా డేటాబేస్‌లతో కాపురం చేసినదాన్ని కదా, నా లెక్క నేనే తీద్దామని కూర్చున్నాను. నా పాత మెయిల్స్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకున్నాను. అవన్నీ ఎంబాక్స్ అనే రకం ఒకే పెద్ద ఫైలుగా వచ్చాయి. లోపలి విషయం ముట్టుకోకుండా ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ తేదీన అనే మూడు వివరాలే బయటికి తీశాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నలభై లైన్ల పని. తీయడం ఎంతసేపు, శుభ్రం చేయడానికి పూట పట్టింది. మీ నాన్న మూడు మెయిల్ చిరునామాలతో ముగ్గురు వేర్వేరు మనుషులుగా లెక్కకు వచ్చారు. కొన్ని తేదీలు మన సమయంలోనూ కొన్ని ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలోనూ ఉండటంతో, తెల్లవారుజామున రాసిన మెయిల్స్ ముందు రోజుకు జరిగిపోయాయి. ఇవన్నీ సరిచేశాక, నన్ను డేటాబేస్ పనిలోకి తెచ్చిన మనిషి పేరు వెతికాను.

నాలుగంటే నాలుగు మెయిల్స్. రెండు నావి, రెండు ఆయనవి.

ఆయన మేము వాడే డేటాబేస్‌కు మాన్యువల్ రాసే బృందంలో ఉండేవారు. బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చుకునే అధ్యాయంలో ఒక మెట్టు తప్పిపోయింది. పుస్తకంలో ఉన్నట్టే చేస్తే పని పూర్తయిందని తెర మీద కనబడుతుంది, కానీ చివరి గంటలో జరిగిన లావాదేవీలు ఉండవు. జరిగిన మార్పులన్నీ నమోదయ్యే లాగ్ ఫైళ్లను మళ్లీ నడిపించమని చెప్పాల్సిన వాక్యం అక్కడ లేదు. ఆ తప్పుతో ఒక రాత్రంతా వేగాను. మర్నాడు ఆయనకు రాశాను: ఈ పుటలో ఈ మెట్టు కనబడలేదు, నేను చేసి చూసింది ఇది, వచ్చిన ఫలితం ఇది, నా అవగాహనలో పొరపాటుందా? "మీరన్నది నిజమే. సరిచేస్తాం" అని ఆయన రెండు ముక్కల్లో జవాబిచ్చారు. కృతజ్ఞతలు చెప్పి ఊరుకున్నాను. పద్నాలుగు నెలల తర్వాత ఆయన దగ్గర నుంచి రెండో మెయిల్ వచ్చింది. మా దగ్గర ఒక ఖాళీ ఉంది, మీకు ఆసక్తి ఉందా అని.

నేను ఉద్యోగం అడగలేదు చూడు. ప్రశ్న అడిగాను. అదీ, ఆయన తప్ప మరొకరు జవాబు చెప్పలేని ప్రశ్న.

లినక్స్ రాసిన లినస్ టోర్వాల్డ్స్ సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడు మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు ఒక సందేశం పెట్టాడు. సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను, మినిక్స్‌లో మీకు నచ్చేవేమిటో, నచ్చనివేమిటో చెప్పండి అని. అందులో తన మార్కులు లేవు, మీ అమూల్యమైన మార్గదర్శకత్వం అనే మాట లేదు. ఆ మాట నువ్వు ఆ రెండు వందల మందికి పంపిన సందేశంలో రెండు చోట్ల ఉంది, చదివాను.

చేసి చూపించడానికి నా దగ్గర ఏముందమ్మా అంటావు. నీ డేటా ఉంది నాయనా. ఎవరినీ అడుక్కోనక్కర్లేదు, ఎవరికీ హాని లేదు. 2011లో వియన్నా న్యాయ విద్యార్థి మాక్స్ ష్రెమ్స్, నా గురించి మీ దగ్గర ఉన్నదంతా ఇవ్వండని ఫేస్‌బుక్‌ను అడిగాడు. 1,200కు పైగా పుటలు వచ్చాయి. తాను చెరిపేశాననుకున్న సందేశాలు కూడా అందులో ఉన్నాయి. ఇంకొకరైతే నిట్టూర్చి పక్కన పెట్టేవాళ్లు. అతను కూర్చుని చదివి, వర్గాలుగా విడదీసి, ఐర్లండ్‌లోని డేటా పరిరక్షణ అధికారికి ఫిర్యాదులు రాశాడు. తర్వాత వేసిన మరో ఫిర్యాదు యూరప్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి, 2015 అక్టోబరులో యూరప్, అమెరికాల మధ్య డేటా పంపకానికి ఉన్న సేఫ్ హార్బర్ ఏర్పాటే రద్దయింది. అతని వృత్తి జీవితం మొత్తం ఆ పుటల కట్టలోంచి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

నువ్వు కోర్టుకు వెళ్లనక్కర్లేదులే. గూగుల్ 2011 నుంచే టేకవుట్ పేరుతో మన డేటా మనకు ఇస్తోంది. మిగతా పెద్ద సేవల్లోనూ అలాంటి మీట ఎక్కడో సెట్టింగుల అడుగున ఉంటుంది. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ప్రకారమైతే, అడిగినవాళ్లకు మామూలుగా నెలలోపు ఇవ్వాలి కూడా. నీ రెండేళ్ల డేటా తెచ్చుకో. ఫోను నిన్ను ఎన్ని గంటలకు లేపుతోందో, పరీక్షల ముందు నిద్ర ఎంత తగ్గుతోందో నువ్వే తీసి చూడు. తరగతిలో ఇచ్చే డేటాను అప్పటికే ఎవరో కడిగి ఆరబెట్టి ఉంటారు. నీదైతే మురికిగా ఉంటుంది, ఖాళీలుంటాయి, ఒకే పాట రెండుసార్లు నమోదై ఉంటుంది. ఉద్యోగంలో నీ ముందుకు వచ్చేదీ అలాంటిదే. పైగా ఇంటర్వ్యూలో ఈ వరుస ఎందుకు తీసేశావని అడిగితే నీకు నిజంగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ రోజు నువ్వు జ్వరంతో పడుకున్నావు.

ఇక్కడే నేను కాస్త చాదస్తంగా మాట్లాడతాను, ఓపిక పట్టు. నీ డేటా అనుకున్నదాంట్లో సగం నీది కాదు. మెయిల్‌కు రెండో చివర ఒక మనిషి ఉంటాడు. ఫొటోలో నీ పక్కన ఇంకొకరు ఉంటారు. పేర్లు తీసేస్తే చాలనుకుంటావేమో. 1990ల మధ్యలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను అలాగే పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. అప్పుడు ఎంఐటీలో చదువుతున్న లతన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి ఆ రాష్ట్ర గవర్నరు ఉండే కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొనుక్కుని రెండూ పక్కపక్కన పెట్టింది. ఆ గవర్నరు పుట్టిన తేదీనే పుట్టినవాళ్లు ఊళ్లో ఆరుగురు. అందులో మగవాళ్లు ముగ్గురు. ఆయన పోస్టల్ కోడ్‌లో ఉన్నది ఒక్కడే. అంతే, ఆయన వైద్య రికార్డు బయటపడింది. పుట్టిన తేదీ, లింగం, అయిదంకెల పోస్టల్ కోడ్, ఈ మూడు చాలు అమెరికాలో 87 శాతం మందిని వేరు చేసి గుర్తించడానికి అని ఆమె 2000లో అంచనా వేసింది. నీ రెజ్యూమె మీద ఆ మూడూ పైవరుసలోనే ఉన్నాయి, దాన్ని ఎవరైనా చూసేలా పెట్టావు. ఇవాళే తీసెయ్. ఊరు పేరు, మెయిల్ చిరునామా ఉంటే చాలు. ఇంటర్న్‌షిప్ ఇవ్వకముందే గుర్తింపు కార్డు నకలు, బ్యాంకు వివరాలు అడిగేవాళ్ల గురించి వేరే చెప్పను, వాళ్లను చూస్తే నీకే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. గ్రానోవెటర్ మాట నిజమా కాదా అని 2022లో సైన్స్ పత్రికలో పెద్ద అధ్యయనం వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా సభ్యులకు, మీకు తెలిసి ఉండవచ్చు అని చూపించే పేర్లను అయిదేళ్లపాటు రకరకాలుగా మార్చి చూశారు. ఉద్యోగం మారడానికి మరీ దగ్గరివాళ్ల కంటే, కాస్త దూరపు పరిచయస్తులే ఎక్కువ పనికొచ్చారని తేలింది. ఫలితం బాగుంది. తమ మీద ప్రయోగం జరుగుతోందని మాత్రం ఆ సభ్యులకు ఎవరూ విడిగా చెప్పలేదు. నీకు ఫలానా పేరు కనబడి ఇంకో పేరు కనబడకపోవడం కూడా ఎవరో తిప్పిన మర వల్లే కావచ్చు. అందుకని ఆ జాబితాను వాడుకో, కానీ దాన్నే లోకం అనుకోకు. నువ్వు చదివిన వ్యాసం కింద పేరు, నువ్వు వాడే కోడ్ లైబ్రరీలో తప్పు సరిచేసినవాళ్ల పేరు, సభలో నీ ముందు వరుసలో కూర్చుని మంచి ప్రశ్న అడిగిన మనిషి పేరు, ఇవి నువ్వు వెతుక్కున్నవి. నెలకు ఇద్దరికి రాసినా చాలు. జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలెయ్. వస్తే, వాళ్ల సలహాతో ఏం చేశావో మళ్లీ రాయి. ఈ రెండో ఉత్తరం ఎక్కువమంది రాయరు. నేనూ ఆ మాన్యువల్ ఆయనకు రాయలేదు, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

యాప్‌కు ఇచ్చిన అనుమతి ఇంకా తీసేయలేదనుకుంటాను. ఫోనులోంచి యాప్‌ను తొలగించినంత మాత్రాన వాళ్ల దగ్గరికి చేరిన నంబర్లు పోవు. ఖాతా మూసి, నా వివరాలతోపాటు ఎక్కించుకున్న నంబర్లన్నీ చెరిపేయమని రాతపూర్వకంగా అడుగు. పెద్దమ్మకు ఫోను చేసి క్షమాపణ చెప్పుకో, ఆమె ఆ లింకు నొక్కి పాస్‌వర్డు కూడా ఇచ్చిందట. ఈ పాపం నీదే.

ప్లంబర్‌కు నేనే చెప్పాను, కుళాయిలన్నీ బాగానే ఉన్నాయి, అది యంత్రం పంపిన సందేశం అని. ఆయన నవ్వి, ఇంతకీ బాబు ఏం చదువుతున్నాడని అడిగారు. చెప్పాను. "మా అన్న కూతురు కూడా ఏదో డేటా పనేనమ్మా, జనం వివరాలు బయటికి పోకుండా చూస్తుందట" అని అక్కడికక్కడే ఆ అమ్మాయి నంబరు నాకు పంపించేశారు. పదేళ్లుగా మన ఇంటికి వస్తున్న మనిషి, ఈ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది.

నంబరు నా ఫోనులో ఉంది. నీకు ఇవ్వడం లేదు. ఇవ్వవచ్చో లేదో ముందు ఆ అమ్మాయినే అడగమని ఆయనకు చెప్పాను. సరే అంటే పంపిస్తాను. ఈలోగా ఆమెను ఏం అడుగుతావో రాసి నాకు పంపు, చదివి చెబుతాను.

మీ అమ్మ