ఆ ట్యాంకులో గాలి చూసేదెవరు?

సంపాదకులకు,

వేసవి వస్తే చాలు, నీళ్ళ ట్యాంకర్ల బారులతో పాటు పెద్ద భవనాల ఏసీలు ఎన్ని నీళ్ళు తాగేస్తున్నాయో పత్రికల్లో చదువుతుంటాం. అందులో రెండు వేర్వేరు నీళ్ళను ఒకే గాటన కట్టేస్తున్నారు. హైదరాబాద్‌లో పెద్ద భవనాల ఏసీలకు నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ప్లాంట్లు నడుపుకుంటూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం.

డాబా మీది కూలింగ్ టవర్ నీళ్ళు తాగాల్సిందే. నీళ్ళను ఆవిరి చేసి వేడిని బయటికి పంపడమే దాని పని. చిల్లర్ నుంచి 7 డిగ్రీలకు బయల్దేరి, అంతస్తులన్నీ తిరిగి 12 డిగ్రీలకు వెనక్కొచ్చే చల్లనీళ్ళ లైను వేరు. అది క్లోజ్డ్ లైను. ఒకసారి నింపితే ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి తిరగాలి. వారం వారం నీళ్ళు పొయ్యాల్సి వస్తోందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. అందరూ పైపు లీకేజీ కోసం ఫాల్స్ సీలింగ్ విప్పుతారు. ప్లాంట్ రూం మూలన నిలబెట్టిన ఎక్స్‌పాన్షన్ ట్యాంకు జోలికి మాత్రం ఎవరూ పోరు.

శుక్రవారం రాత్రి ప్లాంటు ఆపితే సోమవారం పొద్దుటికి లైనులో నీళ్ళు 30 డిగ్రీలు దాటతాయి. 15,000 లీటర్ల లైనయితే ఆ కాస్త వేడికే దాదాపు 70 లీటర్లు పెరుగుతుంది. నీళ్ళేమో నొక్కితే నొక్కుకునే వస్తువు కాదు. ఆ 70 లీటర్లకు చోటివ్వడానికే ఈ ట్యాంకు. లోపల రబ్బరు బ్లాడర్, దానికి ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క గాలి లేదా నైట్రోజన్. నీళ్ళు పెరిగితే గాలి ముడుచుకుంటుంది, అంతే.

ఆ గాలి ఎంతుండాలన్న దగ్గరే కథంతా ఉంది. 40 మీటర్ల భవనానికి సెల్లారులో ట్యాంకు పెడితే, నిలువు పైపులో నీళ్ళ బరువే చదరపు సెంటీమీటరుకు 4 కేజీల ప్రెషర్. గాలి అంతకు కాస్త ఎక్కువగా, 4.3 దాకా ఉండాలి. కంపెనీ నుంచి వచ్చిన 1.5 కేజీల గాలితోనే బిగించేశారనుకోండి, 400 లీటర్ల ట్యాంకులో సగానికి పైగా మొదటి రోజే నీళ్ళు చేరిపోతాయి. ప్రెషర్ మితిమీరితే తెరుచుకుని నీళ్ళు వదిలే సేఫ్టీ వాల్వు 6 కేజీలకు లేచేలోపు మిగిలే చోటు 45 లీటర్లే. అదే ట్యాంకులో గాలి సరిగ్గా కొడితే 100 లీటర్లకు కాస్త తక్కువగా చోటుంటుంది. ట్యాంకు చిన్నదైందని ఇంకోటి కొనిపించినవాళ్ళనూ చూశాను!

చోటు చాలక ఆదివారం సేఫ్టీ వాల్వు కారుతుంది. సోమవారం చల్లబడ్డాక నీళ్ళు తగ్గి ప్రెషర్ పడిపోతుంది, పై అంతస్తులో గాలి పట్టేస్తుంది, తగ్గిన నీళ్ళు నింపే మేకప్ లైను తెరుచుకుని కొత్త నీళ్ళు వస్తాయి. లీటర్ల లెక్కన చూస్తే టవర్ ముందు ఇది లెక్కలోకి రాదు, ఒప్పుకుంటాను. నష్టం పైపులకు. వచ్చే ప్రతి లీటరూ ఆక్సిజన్ మోసుకొస్తుంది, తుప్పు నివారణకు పోసిన కెమికల్‌ను పలచన చేస్తుంది. నీళ్ళను వడగట్టే స్ట్రైనర్ విప్పితే నల్లటి బురద చేతికి గ్రీజులా అంటుకుంటుంది. అది పైపు లోపలి ఇనుమే.

నేను పనిచేసిన ఒక ఆఫీసు భవనంలో వాల్వు కారి నేల తడుస్తోందని కాంట్రాక్టరు మనిషి దానికి ప్లగ్గు కొట్టించాడు. చెప్పి చూశాను, వినలేదు. ఆ తర్వాత వచ్చిన వరుస సెలవుల్లో నాలుగో అంతస్తులో ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచే యూనిట్) దగ్గర ఫ్లెక్సిబుల్ జాయింటు పగిలి కంప్యూటర్ల మీద నీళ్ళు పడ్డాయి. రిపోర్టులో ‘జాయింటు నాణ్యత లోపం’ అని రాశారు.

భవనాల మేనేజర్లకు నా మనవి. మేకప్ లైనుకు వాటర్ మీటరు పెట్టించండి. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితంలో ట్యాంకు గాలి చూడటం ఒక పనిగా రాయించండి. ప్లాంటు ఆపి, ట్యాంకు వాల్వు మూసి, లోపలి నీళ్ళు వదిలేశాకే గేజి పెట్టాలి. లైనుకు కలిపి ఉండగా పెడితే అది చూపించేది లైను ప్రెషరే. గాలి పిన్ను నొక్కినప్పుడు నీళ్ళు చిమ్మితే బ్లాడర్ చిరిగిందన్నమాట. గాలి తక్కువైతే నింపడానికి నైట్రోజన్ సిలిండరు ఏ ఏసీ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది. ట్యాంకును పంపు నీళ్ళు లాక్కునే (సక్షన్) వైపే కలపాలన్నది డ్రాయింగుల్లో ఉంటుంది, సైట్లో చోటు లేదని ఎటో ఒకవైపు తగిలిస్తారు. అది కూడా ఒకసారి చూసుకోండి.

ఇళ్ళలోనూ ఇదే వ్యవహారం. 25 లీటర్ల గీజరు వేడెక్కితే నీళ్ళు అర లీటరు దాకా పెరుగుతాయి. నీళ్ళు కాగేటప్పుడు దాని కింది వాల్వు నుంచి నాలుగు బొట్లు పడ్డాయని ప్లంబరు చేత ప్లగ్గు మాత్రం కొట్టించకండి. ఆగకుండా కారుతుంటే కొత్త వాల్వు వేయించండి.

– ఒక చిల్లర్ ప్లాంట్ ఆపరేటర్, హైదరాబాద్