నీటికాసులున్నవారికి అద్దాలేవి, దీపమెక్కడ?

సంపాదకులు గారికి,

మార్చి వచ్చిందంటే గ్లకోమా (నీటికాసులు) వారోత్సవాల పేరిట పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. కంటి ప్రెషర్ చూపించుకోండి, చుక్కల మందు ఆపకండి అని అందులో రాసేవన్నీ నిజమే. అయితే నీటికాసులతో ఇప్పటికే కొంత చూపు పోయినవాళ్లు మిగిలిన చూపుతో ఇంట్లో, బజార్లో ఎట్లా మసలుకోవాలో ఎవరూ రాయరు. ఆ సంగతి చివరికి అద్దాల దుకాణం కౌంటర్ దగ్గరే తేలుతోంది. అక్కడ అమ్ముడయ్యే ఖరీదైన సరుకులో కొంత ఈ జబ్బున్నవారికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

గ్లకోమాలో దెబ్బ తగిలేది కంటి నరానికి. ఒకసారి పోయిన పక్కచూపు ఏ పవర్ అద్దంతోనూ తిరిగి రాదు. మసక తగ్గలేదని ఆర్నెల్లకోసారి అద్దాలు మార్చేవాళ్లున్నారు కాబట్టి ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాల్సిందే. పక్కచూపుతో పాటు ఇంకో రెండు తగ్గుతాయి. ఒకటి, దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా పట్టే శక్తి: బూడిదరంగు మెట్టు కింద అదే రంగు మెట్టు ఉంటే రెండూ ఒకటే బండలా కనిపిస్తాయి. రెండోది, ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి వచ్చినప్పుడు కన్ను కుదురుకునే వేగం. అద్దాలైనా దీపమైనా ఈ రెండు లోపాలను చూసి ఎంచుకోవాలి.

అద్దాలకు పోయేటప్పుడు పవర్ చీటీ ఒక్కటే చాలదు, చుట్టూ ఎంతమేర కనిపిస్తోందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ కాగితం కూడా పట్టుకుపోవాలి. ఆ కాగితంలో నల్లగా ఉన్న చోటు చూపు తగ్గిన చోటు. పైభాగంలో నలుపుంటే పైచూపు, కిందిభాగంలో ఉంటే కిందిచూపు తగ్గినట్టు. పైచూపు తగ్గినవారికి తలకు తగిలే గుమ్మాలు, వేలాడే తీగలు, చెట్టు కొమ్మలతో ఇబ్బంది. కిందిచూపు తగ్గినవారికి మెట్లు, గడప, మోరీ అంచు కనిపించవు. వీళ్లకు బైఫోకల్, అంటే పైన దూరపు పవర్, కింద చదివే పవర్ ఉండే అద్దం, పెట్టామంటే ఉన్న కాస్త కిందిచూపు కూడా చదివే పవర్‌లోంచే పోతుంది. ఆ పవర్ చెయ్యి చాచినంత దూరానికి చేసింది. పాదం దగ్గరి మెట్టు అందులో మసగ్గా, ఉన్నచోట కాక కొంచెం జరిగి కనిపిస్తుంది. గీత లేకుండా పైనుంచి కిందికి పవర్ మారుతూ పోయే ప్రోగ్రెసివ్‌లో దీనికి తోడు రెండు పక్కలా చెదిరిన చూపు ఉంటుంది. అసలే పక్కచూపు సన్నబడ్డ కంటికి ఇది ఇంకో దెబ్బ. నడవడానికి ఒక జత, చదవడానికి ఒక జత విడివిడిగా చేయించుకోవడమే మా సలహా. ఒకే ప్రోగ్రెసివ్ ధరకు మామూలు జతలు రెండు వస్తాయి కూడా.

చదివే జతతో నడవొద్దు. 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన దగ్గరిచూపు అద్దాలు చాలా ఇళ్లల్లో ఉన్నాయి. అవి చదవడానికి, బియ్యం ఏరడానికే గాని పొలం గట్టు మీద నడవడానికి కాదు. సంతలో, బస్టాండులో దొరికే రెడీమేడ్ అద్దాల్లో రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది, కంటి వంపులో తేడాను సరిచేసే సిలిండర్ పవర్ ఉండదు. రెండు కళ్లకు తేడా ఉన్నవారికి అవి పనికిరావు. చదివే పవర్ ఎక్కువ కావాలంటే కాగితం అంత దగ్గరికి రావాలి. దూరపు పవర్ మీద ప్లస్ 2.5 కలిపితే 40 సెంటీమీటర్లు, ప్లస్ 4 కలిపితే 25 సెంటీమీటర్లు. ఈ లెక్క చెప్పకుండా ఇస్తే, అలవాటు ప్రకారం చెయ్యి చాచి పేపర్ పట్టుకుని, కొత్త అద్దాలు బాగలేవంటారు.

ఫ్రేమ్ కాడలు సన్నగా ఉండాలి. వెడల్పు ప్లాస్టిక్ కాడలు మిగిలిన పక్కచూపును మూసేస్తాయి. ఒక కంటి చూపు బాగా పోయినవారు రెండో కంటిని కాపాడుకోవడానికి పాలికార్బొనేట్ అద్దాలే వేయించుకోవాలి, అవి తేలిగ్గా పగలవు. కోటింగ్ లేని మామూలు ప్లాస్టిక్ అద్దం రెండు ముఖాల మీద కలిపి వచ్చిన వెలుతురులో దాదాపు 8 శాతం వెనక్కి కొట్టేస్తుంది. యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ వేస్తే అందులో చాలావరకు కంటికి చేరుతుంది, అద్దంలో ఎదురు బల్బుల ప్రతిబింబాలూ తగ్గుతాయి. కోటింగుల్లో డబ్బు పెట్టదగ్గది ఇదొక్కటే అని మా అభిప్రాయం. కాకపోతే మన దుమ్ముకు ఆ కోటింగ్ నిలవాలంటే అద్దాన్ని ముందు నీళ్లతో కడగాలి. పొడి చీర కొంగుతోనో పంచెతోనో రుద్దితే గీతలు పడి, ప్రతి గీతా వెలుతురును చెదరగొడుతుంది. గ్లకోమా ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ చెప్పేదాకా, సాధారణంగా రెండు మూడు నెలలు, కొత్త పవర్ చేయించుకోవద్దు. ప్రెషర్ దిగి కన్ను కుదురుకునేలోగా పవర్ మారుతుంది.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, గద్వాల ఎండకు తెల్ల సిమెంటు రోడ్డు మీద మంచి కళ్లకే చూపు ఆనదు. దీనికి విరుగుడుగా ఎంత నల్లగుంటే అంత మంచిదని కూలింగ్ గ్లాసులు కొంటారు. ఈ అద్దాలకు సున్నా నుంచి నాలుగు దాకా తరగతులున్నాయి. రెండో తరగతి వచ్చిన వెలుతురులో 18 నుంచి 43 శాతం లోపలికి పంపుతుంది, మూడోది 8 నుంచి 18 శాతం, నాలుగోది 8కి లోపే. నాలుగో తరగతి పెట్టుకుని బండి నడపకూడదు. గ్లకోమా ఉన్నవారికి మామూలుగా రెండో తరగతి సరిపోతుంది, నడినెత్తి ఎండకు మూడోది. అంతకు మించి నలుపైతే చెట్టు నీడలో ఉన్న గుంత కనిపించదు. నలుపుకూ అతినీలలోహిత కిరణాలను ఆపడానికీ సంబంధం లేదు, దానికి యూవీ 400 అని ఉందో లేదో చూడాలి.

రంగుల్లో తేనెరంగు, గోధుమరంగు అద్దాలు తేడాలను కొంచెం తేటగా చూపిస్తాయని చాలామంది అంటారు. బూడిదరంగు అసలు రంగులను అట్లాగే ఉంచుతుంది. ఏది నప్పుతుందో దుకాణం ట్యూబులైట్ కింద తేలదు. అద్దాన్ని బయటికి తెచ్చి, ఒక్కోదాన్ని ఐదు పది నిమిషాలు పెట్టుకుని మూడు చూడాలి: నీడలో నిలబడ్డ మనిషి ముఖం, మెట్ల అంచులు, ట్రాఫిక్ సిగ్నల్ రంగులు. మూడూ తెలిస్తేనే కొనాలి. తల మీది నుంచి వచ్చే ఎండను అద్దం ఆపలేదు, దానికి మూడంగుళాల అంచున్న టోపీయే మందు. ఉన్న అద్దాల మీద తొడుక్కునే పెద్ద గాగుల్స్ చూడముచ్చటగా ఉండవు గాని గడప దగ్గర ఒక్క చేత్తో తీసేయొచ్చు. ఎండలోంచి పాత ఇంటి చీకటి అర్రలోకి వచ్చేటప్పుడు వాటిని దర్వాజ దగ్గరే తీసి, ఒకటి రెండు నిమిషాలు అక్కడే ఆగాలి. ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలతో ఆ సౌకర్యం లేదు. లోపలికొచ్చాక అవి తేటపడడానికి నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాల్లోనే కాలు తడబడేది. పైగా వేడి ఎక్కువైన కొద్దీ అవి నల్లబడేది తక్కువ, అంటే మన మే నెలలోనే వాటి పని సగం. కారు ముందద్దం వెనుక చాలా రకాలు సరిగ్గా నల్లబడవు.

కళ్లు చెదరడం ఈమధ్యే పెరిగితే రంగు అద్దం కొనేముందు కంటి డాక్టర్‌కు చూపించాలి. శుక్లం వచ్చినా, శుక్లం ఆపరేషన్ తర్వాత లెన్స్ వెనుక పొర కట్టినా, చుక్కల మందుతో కన్ను ఎండిపోయినా అట్లాగే ఉంటుంది. వాటికి చికిత్స ఉంది. కన్ను ఎర్రబడి, నొప్పి, తలనొప్పి, వాంతులతో దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాల్సిన సంగతి. పొద్దున చూద్దామనుకోవద్దు.

నీలి వెలుతురును ఆపుతాయని అమ్మే బ్లూకట్ అద్దాల గురించి రెండు మాటలు చాలు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ నుంచి 2023లో వచ్చిన సమీక్ష 17 అధ్యయనాలను పరిశీలించి, మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూకట్ వల్ల కంటి శ్రమ తగ్గుతుందన్న ఆధారం చూపలేకపోయింది. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు అద్దాలు ఉన్న కొద్ది వెలుతురునూ కోసేస్తాయి. విజయవాడ హైవే మీద ఎదురొచ్చే లైట్లకు కళ్లు చెదిరేవారికి వాటితో ఒరిగేదేమీ లేదు. పక్కచూపు తగ్గినవారు రాత్రి బండి తీయకపోవడమే సరైన జవాబు.

దీపం విషయానికొస్తే, బల్బు వాట్లు పెంచడం కంటే దగ్గరికి తేవడం మేలు. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలవుతుంది. పైకప్పుకున్న 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుతో ఒళ్లోని కాగితం మీద 50 లక్స్ (వెలుతురు కొలత) దాటడం కష్టం. అదే 5 వాట్ల బల్బుకు డోమ్ తగిలించి 35 సెంటీమీటర్ల దూరంలో పెడితే వెయ్యి దాకా పోవచ్చు. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌తో సుమారుగా చూసుకోవచ్చు. మెడ వంగే టేబుల్ ల్యాంపు తీసుకుని, బాగున్న కంటి వైపు, కంటి మట్టానికి కొంచెం కిందుగా పెట్టాలి. రాసేవారైతే రాసే చేతికి అవతలి వైపు. బల్బు కంటికి కనిపించకూడదు, దాని వెలుగు మాత్రమే కాగితం మీద పడాలి. సరిగ్గా పెట్టామో లేదో తెలియాలంటే పుస్తకం మీద చిన్న అద్దం ముక్క పెట్టి చూడండి. అందులో బల్బు కనిపిస్తే నునుపు కాగితం మీద మెరుపు కంట్లో కొడుతుంది, దీపాన్ని పక్కకు జరపాలి. ల్యాంపు వేసి గదిలో మిగతా లైట్లు ఆర్పేయొద్దు, తలెత్తినప్పుడల్లా చుట్టూ చీకటి గుహలా ఉంటుంది. బల్బు రంగు 4000 కెల్విన్ దగ్గర చాలామందికి హాయి. దుకాణాల్లో అడగకుండా ఇచ్చేది 6500, అది కొందరికి చెదురుగా ఉంటుంది. రెండూ ఇంట్లో వెలిగించి చూసి ఉంచుకోవడమే.

ఇంట్లో రంగులు కూడా దీపమంత పనిచేస్తాయి. షాబాద్ బండల మెట్లకు అంచు మీద, ముందు ముఖం మీద 5 సెంటీమీటర్ల వెడల్పున పసుపు ఆయిల్ పెయింట్ పట్టీ వేయాలి. అంచుకు మాత్రమే, మధ్యలో ఇంకో గీత వేస్తే అదే మెట్టనిపిస్తుంది. కింది చివరి మెట్టును మరవొద్దు, ఎక్కువగా పడేది అక్కడే. పండుగకు గడపకు పసుపు రాసే ఇళ్లల్లో ఈ పని సగం జరిగినట్టే. కొత్తగా గ్రానైట్ గడపలు పెట్టిన ఇళ్లల్లోనే చిక్కు. నునుపు టైల్స్ నడవా చివర కిటికీ ఉంటే నేలంతా నీళ్లు పోసినట్టు మెరుస్తుంది, పలుచటి కర్టెన్ వేస్తే పోతుంది. అన్నం స్టీలు పళ్లెంలో కాక ముదురు రంగు పళ్లెంలో పెడితే మెతుకులు కనిపిస్తాయి.

రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా మోకాలి ఎత్తులో, గోడ వైపు తిరిగిన చిన్న దీపాలుండాలి. వాకిట్లో మనిషి ముఖాన కొట్టే ఫ్లడ్‌లైట్‌ను కిందికి వంచండి. కరెంటు పోయినప్పుడు వెలిగే ఎమర్జెన్సీ బల్బు ఒకటి మంచం దగ్గర, ఒకటి బాత్రూంలో పెట్టుకోవాలి. టార్చితో నడిచేటప్పుడు పాదానికి రెండు మీటర్ల ముందు వెలుతురు పడేట్టు, కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతూ పోవాలి.

కంటి పరీక్ష పటంలో అక్షరాలన్నీ చదవగలిగినా చూపు పరిధి 40 నుంచి 10 డిగ్రీల మధ్యకు కుదించుకుపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది అల్పదృష్టి కిందికే వస్తుంది. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి పోయేవారు ఫీల్డ్ టెస్ట్ కాగితం వెంట తీసుకుపోవాలి.

అధికారులకు ఒక విన్నపం: బస్టాండ్లలో, కలెక్టరేట్లలో, ఆస్పత్రుల్లో మెట్ల అంచులకు పసుపు పట్టీ వేయించడానికి ఒక డబ్బా పెయింటు, ఒక పూట పని చాలు. మీకూ ఒకటి, సంపాదక మహాశయా. ఆరోగ్యం పేజీలో లేతరంగు నేపథ్యం మీద తెల్ల అక్షరాలు వేస్తున్నారు. నీటికాసులపై రాసిన వ్యాసాన్ని నీటికాసులున్నవారే చదవలేకపోతున్నారు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, కొంచెం పెద్దవిగా వేయించగలరు.

ఇట్లు
కంటి పరీక్షలు చేసే కొందరు ఆప్టోమెట్రిస్టులు,
నల్లగొండ