మంచం పక్కన ఉన్నవారి కోసం: సంక్షేమ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నందుకు కృతజ్ఞతలు. అయితే ఆ మొత్తం మందులకూ డైపర్లకూ పోతుండగా, ఒంటిమీద పుండ్లు పడకుండా అర్ధరాత్రి సైతం రెండు గంటలకోసారి లేచి రోగిని పక్కకు తిప్పి పడుకోబెడుతూ, అందుకోసమే కూలి పనో ఉద్యోగమో మానుకున్న భార్యకు, కోడలికి, ఒక్కోచోట పొరుగింటి స్నేహితుడికి చేతికందేది ఏమీ ఉండదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యాన్ని ప్రస్తావించింది. దాన్ని పింఛనులో కలపకుండా విడిగా ఇవ్వాలని, రోగిని కొద్దిరోజులు అప్పగించేందుకు ఏరియా ఆసుపత్రుల్లో పడకలు కేటాయించాలని కోరుతున్నాను. ముందుగా పడకల సంగతి చూడండి. సంరక్షకులకు డబ్బుకన్నా అత్యవసరమైనది కంటినిండా నిద్ర అని నా దృఢమైన అభిప్రాయం.

భవదీయురాలు,
ఒక సంరక్షకురాలు