రెండడుగుల చోటులో కోనోకార్పస్‌ పెట్టమన్నది ఎవరు?

సంపాదకుడు గారికి,

మా కాలనీ రేకుల కంచె పక్కన మొక్కలు నాటిన ఫొటో పోయిన వారం మీ తిరుపతి జిల్లా పేజీలో చూశాను. ఇక ఆ దారంతా పచ్చదనమేనని రాశారు. రోజూ ఆ కంచె పక్కనుంచే బజారుకు నడిచే మనిషిగా ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆ కంచె సంగతి అందరికీ తెలిసిందే. తుప్పు పట్టిన రేకులు, వాటి మీద సగం చింపిన పోస్టర్లు, మూలమూలకీ చెత్త. దాన్ని మొక్కలతో కప్పమని అర్జీలు పెట్టుకున్నదీ మేమే. కానీ రేకులకూ వాన నీటి కాలువకూ మధ్య ఉన్నది రెండడుగుల మట్టి. అందులో తెచ్చి కోనోకార్పస్‌ అనే విదేశీ చెట్టు నాటారు! మధ్యమధ్యలో అశోక మొక్కలు పెట్టారు. కొన్నింటికి నర్సరీ నల్ల కవరు కూడా విప్పలేదు, కవరుతో సహా గుంతలో దించి మట్టి కప్పేశారు. వంగి చూస్తే కవరు అంచు బయటికే కనిపిస్తోంది. ఇక ఆ మొక్క వేరు ఎటు పోవాలి?

కోనోకార్పస్‌ వేర్లు పైపుల్లోకీ కాలువల్లోకీ చొరబడతాయని, పుప్పొడితో జనానికి ఇబ్బందని చెప్పి గుజరాత్‌ ప్రభుత్వం 2023లోనే దాన్ని నిషేధించింది. 2024 వనమహోత్సవం అప్పుడు మన ఉప ముఖ్యమంత్రి పవన్‌ కల్యాణ్‌ గారు కూడా ఈ మొక్క వద్దనే చెప్పారు. పైన చెప్పిన మాట కింద గుంత తవ్వేవాళ్ల దాకా ఎందుకు రాదు? 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎలా మునిగాయో అప్పుడే మరిచిపోయారా? నీళ్లు పోవాల్సిన కాలువ గట్టునే ఈ చెట్టు పెంచడం ఏం పని?

ఇరుకు చోటులో చెట్టు కాదు, తీగ కావాలి. ఎండాకాలం రేకు కాలిపోతుంది, దానికి ఆనుకున్న లేత చిగురు మాడిపోతుంది. అందుకే రేకుకు ఒక జానెడు ఎడంగా ఇనుప వల కట్టి, దాని మీదికి రాధామనోహరం పాకించాలి. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి, ఆపైన ఎర్రబడే ఆ గుత్తుల ముందు రేకు గుర్తుకైనా రాదు. అది అల్లుకునే లోపు శంఖుపూల గింజలు చల్లితే కొన్ని నెలల్లోనే వల పచ్చబడుతుంది, పూజకు పూలూ దొరుకుతాయి. వల కట్టే డబ్బు లేదంటారా, గోరింటాకు వరసగా నాటండి. మన ఎండలకు తట్టుకుంటుంది, ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా వస్తుంది, ఆషాఢంలో కాలనీ ఆడపిల్లలందరికీ ఆకు సరిపోతుంది. ఆవులు, మేకలు తిరిగే మలుపులో అడ్డసరం పెట్టండి, వాటికి ఆ చేదాకు గిట్టదు. కాగితం పూలు అందమే గానీ, ఆ ముళ్లు బడికి పోయే పిల్లలకూ బండి మీద పోయేవాళ్లకూ గీసుకుంటాయి. గన్నేరు హైవే మధ్యలో బాగుంటుంది, నిలువెల్లా విషమైన ఆ మొక్క పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు.

ఇవేమీ ఎవరికీ తెలియని రహస్యాలు కావు. 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు ఇది. ఒక్క ఫోన్‌ చేసి అడిగే ఓపిక లేదా? మొక్క ఏదన్నది టెండరు దగ్గరే తేలిపోతోంది. ఎప్పుడు నాటాలన్నది అతిథి తీరికను బట్టి తేలుతోంది. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయని ఇక్కడ పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా నడి ఎండల్లో నాటి, ఫొటో దిగి, తర్వాత ట్యాంకరు మొహం కూడా చూపించరు. డివైడర్ల మీద మొక్కలు, పార్కుల్లో బెంచీలు, వీధి దీపాలు అన్నిటికీ ఇదే గతి. ప్రారంభించడానికి వచ్చినంత మంది, ఆరు నెలలయ్యాక చూడడానికి ఒక్కరు రారు. అడిగితే ‘అది మా సెక్షన్‌ కాదమ్మా’ అని పక్క గదికి పంపిస్తారు.

అధికారులను కోరేది ఇదే. కోనోకార్పస్‌ వేరు కాలువలోకి దిగకముందే పీకించండి. అశోక మొక్కలకు కవర్లు విప్పించి, చోటున్న ఏ పార్కులోనైనా నాటించండి. అక్టోబరు లోపు వల కట్టించి తీగలు పెట్టండి. వేసవిలో ఏ రోజున నీళ్లు పోస్తారో, ఎవరు పోస్తారో ఆ కంచె మీదే బోర్డు రాయించండి. పోయకపోతే ఎవరిని అడగాలో మాకు తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి