వరాల మధ్యలో ప్రేమ

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మొన్న ప్రార్థన అయ్యాక ఒక చెల్లి, "నాకు పాడటం రాదు, వాక్యం చెప్పడం రాదు. నాకు ఏ వరమూ లేదేమో అన్నయ్యా" అంది. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి కొరింథీయుల పత్రికలో 12, 14 అధ్యాయాలు వరాల గురించి, అంటే దేవుడు తన ఆత్మ ద్వారా ఇచ్చే సామర్థ్యాల గురించి. మధ్యలో 13 పూర్తిగా ప్రేమ గురించి. పౌలు దాన్ని ఊరికే అక్కడ పెట్టలేదు. ఆ సంఘంలో వరాలకు కొదవ లేదు. కానీ యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర ఒకరు ఆకలితో ఉంటే ఇంకొకరు తాగి మత్తులో ఉండేవారు (11:21). ప్రేమ లేకపోతే దేవదూతల భాష మాట్లాడినా మోగే కంచుతో సమానమని వాళ్లకే రాశాడు. రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో అయితే పరిచర్యను, పంచిపెట్టడాన్ని, కరుణించడాన్ని కూడా వరాల్లోనే చేర్చాడు.

ఆ చెల్లే ఆసుపత్రిలో ఒక పెద్దమ్మ పక్కన రాత్రంతా కూర్చుని, దాహం అన్నప్పుడల్లా చెంచాతో నీళ్లు పట్టింది. అది వరం కాక మరేమిటి?

ఈ వారం రోమా 12:6-8 చదవండి. ఎవరిలో ఏ వరం కనిపించిందో వాళ్లకే ఫోన్ చేసి చెప్పండి. నేను ఆ చెల్లికి ఈ రాత్రే చేస్తున్నాను.