'ద డాటర్ ఆఫ్ డాన్' మూకీ సినిమా తప్పుడు ప్రతిపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ యాప్‌లో అమెరికా ఆదివాసులు నటించిన మూకీ సినిమా 'ద డాటర్ ఆఫ్ డాన్' (1920) అద్దెకు తీసుకున్నాను. "పునరుద్ధరించిన ప్రతి, డేవిడ్ యేగ్లీ సంగీతంతో" అని పేజీలో రాశారు. రెండూ అబద్ధమే.

మూకీల ఫ్రేమ్ దాదాపు చదరంగా ఉంటుంది. టీవీ నిండా కనబడాలని మీరు పైనా కిందా కోసేశారు. గుడారాల పైభాగం, మనుషుల తలల మీది ఈకలు, గుర్రాల కాళ్లు ఏవీ కనబడవు. మధ్యలో మాటలు రాసి చూపే కార్డుల్లో మొదటి వరుస అడ్డంగా తెగిపోయింది. మూకీలో ఆ కార్డు కూడా చదవలేకపోతే కథ ఎలా అర్థమవుతుంది?

పైగా ఇందులో కనబడేవి స్టూడియో సెట్టింగులు కావు. హాలీవుడ్‌తో సంబంధం లేని టెక్సాస్ ఫిల్మ్ కంపెనీ అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, విచిటా కొండల్లో దీన్ని తీసింది. కయోవా, కొమాంచీ అనే ఆదివాసీ తెగలవాళ్లు సుమారు 300 మంది సొంత బట్టలు, సొంత గుడారాలు తెచ్చుకుని నటించారు. వాళ్లలో వైట్ పార్కర్, వనాడా పార్కర్ కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ పిల్లలు. తెల్లవాళ్లకే రంగు పూసి ఇలాంటి వేషాలు వేయించిన రోజులవి. ఆ జనం ఏం కట్టుకున్నారో, గుడారం ఎలా వేసుకున్నారో చూద్దామనే నేను డబ్బు కట్టాను. సరిగ్గా అదే కత్తెరకు పోయింది.

సంగీతం మరీ ఘోరం. పోయిందనుకున్న ఈ సినిమా దొరికాక ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ బాగుచేయించింది. యేగ్లీ స్వయంగా కొమాంచీ, కొత్త సంగీతం ఆయనే రాశారు. 2013లో ఈ సినిమా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల అమెరికా జాబితాలో చేరింది. మీ ప్రతిలో వినబడేది కౌబాయ్ సినిమాల బాంజో ముక్క, మళ్లీ మళ్లీ అదే. ఇద్దరు యువకులు ప్రాణాలకు తెగించి కొండ అంచున నిలబడినప్పుడు కూడా అదే హుషారు ట్యూన్!

పాత మూకీ కాబట్టి అమెరికాలో అసలు సినిమా కాపీరైట్ తీరిపోయింది, దాన్ని అక్కడ ఎవరైనా అమ్ముకోవచ్చు. కానీ మామూలు ప్రతికి పునరుద్ధరించిన ప్రతి పేరు పెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనే. మీ హెల్ప్‌లైన్ వాళ్లు టీవీ సెట్టింగ్స్ మార్చమన్నారు. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ అదే కోత ఉంది.

నా అద్దె డబ్బు వాపసు చేయండి. ఆ వివరణ వెంటనే తీసేయండి, లేదా పునరుద్ధరించిన సరైన ప్రతిని దాని హక్కులున్నవాళ్ల నుంచి తెచ్చి పెట్టండి. నటీనటుల పేర్లు ఒక్కటీ ఇవ్వలేదు, అవి కూడా చేర్చండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, స్క్రీన్‌షాట్లు జతచేశాను.

ఇట్లు,
మీ చందాదారు